తోకచుక్క దారి, తోకచుక్క వెలుగు

(ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠం)

ముందు వరుసలో చాపల మీద కూర్చుని, ఈ ప్రసంగం ఎప్పుడు ముగుస్తుందా, పులిహోర ఎప్పుడు పెడతారా అని ఎదురుచూస్తున్న పిల్లలకు ఆశీస్సులు. వారి ఓపికకు తగినంతలోనే ముగించడానికి ప్రయత్నిస్తాము.

ఇంతకుముందే మనమందరం పంచాంగ శ్రవణం చేశాము. ఈ ఏటికి రాజెవరో, మంత్రి ఎవరో విన్నాము. ఎవరి రాశికి ఆదాయమెంతో, వ్యయమెంతో విని కొందరు సంతోషించారు, కొందరు నిట్టూర్చారు. గ్రహణాలు ఎన్ని ఉన్నవో, అవి ఏ వేళకు పట్టి ఏ వేళకు విడుస్తాయో కూడా విన్నాము. గురుడు ఏ రాశిలో ఉంటాడో, శుక్రుడు ఎప్పుడు అస్తమిస్తాడో, ఎప్పుడు మూఢం వస్తుందో, అంతా అందులో ఉన్నది. అయితే ఆకాశంలో కనిపించే ఒక్క వస్తువు గురించి మాత్రం ఏ పంచాంగకర్తా ఏమీ వ్రాయడు. అది తోకచుక్క. మన పెద్దలు దానినే ధూమకేతువు అన్నారు.

ఎందుకు వ్రాయరు? ఈ ప్రశ్నకు జవాబు చాలా పాతది. ఆరవ శతాబ్దంలో వరాహమిహిరుడు తన బృహత్సంహితలో కేతుచారమని ఒక అధ్యాయం వ్రాశాడు. కేతువు ఎప్పుడు కనిపిస్తుందో, ఎప్పుడు కనుమరుగవుతుందో గణితంచేత తెలుసుకోవడం సాధ్యం కాదని అందులో మొదట్లోనే చెప్పాడు. గ్రహగతులను అంతగా లెక్కగట్టిన పండితుడు, ఇక్కడ మా లెక్క సాగదని దాపరికం లేకుండా చెప్పాడు. ఆ మాట చెప్పి పదునాలుగు వందల యేళ్ళు దాటింది. ఈ నడుమ అందులో సగం మారింది, సగం మారలేదు. ఒకసారి కంటబడిన తోకచుక్క ఏ దారిన పోతుందో నేడు గణితానికి లొంగింది. అది ఎంత వెలుగుతుందో మాత్రం నేటికీ పూర్తిగా లొంగలేదు. ఈ రెండు సంగతులనూ, వాటితో మన ఊరికి ఉన్న సంబంధాన్నీ మీ ముందు పెట్టడమే ఈ సాయంకాలం మా పని.

మొదట తోకచుక్క అంటే ఏమిటో చెప్పుకుందాము. పేరుకు చుక్కే గాని అది నక్షత్రం కాదు. మంచు, ధూళి, రాళ్ళు కలిసి గడ్డకట్టిన ముద్ద అది. కొన్ని కిలోమీటర్ల అడ్డం ఉంటుంది. అందరికీ తెలిసిన హేలీ తోకచుక్క ముద్ద పొడవు సుమారు 15 కిలోమీటర్లే అని 1986లో దాని దగ్గరకు వెళ్ళిన జియోట్టో నౌక తీసిన బొమ్మలవల్ల తెలిసింది. అంటే మెజెస్టిక్ నుంచి వైట్‌ఫీల్డు దాకా కూడా రాదు. అంత చిన్న వస్తువు లక్షలాది కిలోమీటర్ల తోకను ఎలా పెంచుతుంది? నిప్పుల మీద సాంబ్రాణి వేసి చూడండి. చిటికెడు పొడి గదినంతా పొగతో నింపుతుంది. సూర్యుని వేడి తగిలినప్పుడు ఆ మంచు ఆవిరై, ధూళిని వెంట లేవదీసుకొని బయటికి చిమ్ముతుంది. సూర్యుని వెలుగు, సూర్యుని నుండి వీచే కణాల గాలి ఆ పొగను వెనక్కు నెట్టుతాయి. ఆ పొగే తోక. ధూమకేతువు, అంటే పొగ జెండాగా కలది, అని పేరు పెట్టిన పూర్వులు చూసినదే చెప్పారు.

అందువల్ల తోక ఎప్పుడూ సూర్యునికి ఎదురువైపునే ఉంటుంది. సూర్యుని సమీపించేటప్పుడు తోక వెనుక ఉంటుంది. తిరిగి వెళ్ళేటప్పుడు తోకే ముందు నడుస్తుంది. గర్భగుడిలో స్వామి దర్శనం చేసుకొని, స్వామికి వీపు చూపకుండా వెనుకకు అడుగులు వేసుకుంటూ వచ్చే భక్తుణ్ణి మీరందరూ చూసే ఉంటారు. తోకచుక్క వరస అదే.

ఇక భయం సంగతి. తోకచుక్క పొడిస్తే రాజుకు గండమనీ, కరువు వస్తుందనీ మన తాతముత్తాతలు భయపడ్డారు. మనమే కాదు, అన్ని దేశాలవారూ భయపడ్డారు. 1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు దాని తోకలో విషవాయువు ఉన్నదని తెలిసి, భూమి ఆ తోకలోనుంచి పోతుందని విని పాశ్చాత్య నగరాలలో కొందరు విరుగుడు మాత్రలు కూడా కొనుక్కున్నారు. ఆ తోక ఎంత పలచనిదంటే ఎవరికీ ఏమీ కాలేదు. అదే 1910లో మన గురజాడ అప్పారావుగారు ‘ముత్యాల సరములు’లో ఆ తోకచుక్కకు చోటిచ్చి, దానిని అరిష్టంగా కాక భూమికి దూరపు చుట్టంగా చూపించారు. తెలుగు కవిత్వంలో కొత్త బాట వేసిన ఆ రచనలో తోకచుక్క ఉండటం మనకు సంతోషించదగిన సంగతి.

భయం పోవాలంటే ధైర్యవచనాలు చాలవు, లెక్క కావాలి. వచ్చేది ఎవరో, ఎప్పుడు వస్తారో, ఏ దారిన పోతారో తెలిస్తే భయమెందుకు? ఆ లెక్క ఎలా కుదిరిందో ఇప్పుడు చూద్దాము.

ఇంగ్లండులో ఎడ్మండ్ హేలీ అనే పండితుడు, న్యూటన్ కనిపెట్టిన ఆకర్షణ సిద్ధాంతాన్ని ఆధారం చేసుకొని, పాత తోకచుక్కలు 24 ఏ దారిన పోయినవో లెక్కగట్టి 1705లో ప్రకటించాడు. అందులో 1531లో, 1607లో, 1682లో వచ్చిన మూడింటి దారులు దాదాపు ఒక్కటిగా ఉన్నవి. మూడు కావు, ఒక్కటే మళ్ళీ మళ్ళీ వస్తున్నదని గ్రహించి, 1758 ప్రాంతంలో తిరిగి వస్తుందని చెప్పాడు. ఆయన 1742లో కాలం చేశాడు. గడువు దగ్గర పడుతుండగా ఫ్రాన్సులో క్లెరో, లలాండ్ అనే ఇద్దరు, వారితోబాటు నికోల్ రేన్ లెపోత్ అనే విదుషి కలిసి నెలల తరబడి చేతితో లెక్కలు వేశారు. దారిలో గురుగ్రహం లాగినందువల్ల 518 రోజులు, శనిగ్రహం వల్ల 100 రోజులు ఆలస్యమవుతుందనీ, 1759 ఏప్రిల్ నడుమ సూర్యుని చేరుతుందనీ, ఒక నెల అటూ ఇటూ కావచ్చుననీ చెప్పారు. 1758 డిసెంబరు 25 రాత్రి జర్మనీలో పాలిట్ష్ అనే ఒక రైతు దానిని మొదట చూశాడు. 1759 మార్చి 13న అది సూర్యుని సమీపానికి వచ్చింది. వరాహమిహిరుడు అసాధ్యమన్న దానిలో సగం ఆ రోజున సాధ్యమైంది.

ఈ లెక్కలో కీలకం ఏమిటో వివరంగా చెప్పాలి. మనం ఆకాశంలో తోకచుక్కను చూసినప్పుడు అది ఏ దిక్కున ఉన్నదో తెలుస్తుంది గాని ఎంత దూరాన ఉన్నదో తెలియదు. రాత్రి రైలులో పోతూ దూరాన కదిలే ఒక దీపాన్ని చూస్తే, అది దగ్గర పొలంలో నడిచే మనిషి చేతి లాంతరో, దూరపు రోడ్డున పోయే బండి దీపమో చెప్పలేము. పైగా మన రైలూ కదులుతున్నది. తోకచుక్క విషయంలో మన రైలు ఈ భూమి. సూర్యుని చుట్టూ తిరిగే ఒక వస్తువు దారిని పూర్తిగా చెప్పాలంటే ఆరు అంకెలు కావాలి. దారి ఎంత పెద్దది, ఎంత సాగినది, భూమి తిరిగే తలానికి ఎంత వాలి ఉన్నది, ఆ వాలు ఏ దిక్కుకు ఉన్నది, సూర్యునికి దగ్గరి చోటు ఎటు ఉన్నది, ఆ చోటికి ఏనాడు వస్తుంది, ఇవే ఆ ఆరు. ఆకాశంలో ఒక స్థానాన్ని కొలిస్తే రెండు అంకెలు దొరుకుతాయి. కనుక మూడు వేర్వేరు రాత్రుల కొలతలు ఉంటే ఆరు అంకెలు చేతికి వస్తాయి. వాటి నుండి దారిని రాబట్టే సులువైన పద్ధతిని జర్మనీ దేశస్థుడు ఓల్బర్స్ 1797లో ప్రకటించాడు. ఆయన వృత్తిరీత్యా వైద్యుడు. పగలు రోగులను చూసుకొని, రాత్రి చుక్కలను చూసుకొన్నవాడు.

మూడు రాత్రుల కొలతలతో వచ్చే దారి ముతక దారి. రోజులు గడిచి కొలతలు పెరిగినకొద్దీ అది తేరుకొని స్పష్టపడుతుంది. అందువల్ల కొత్త తోకచుక్క కనిపించిందనగానే లోకంలోని వేధశాలలన్నీ దానిని వెంటాడి కొలుస్తాయి. అయినా చివరకు ఒక చిక్కు మిగులుతుంది. ఆవిరి చిమ్మినప్పుడు ఆ విసురుకు ముద్ద కొంచెం పక్కకు తొలగుతుంది. పిల్లలు గాలి నింపిన బుడగను ముడి వేయకుండా వదిలితే ఎలా పరుగెడుతుందో చూశారు కదా. ఈ తోపుడు వల్ల హేలీ తోకచుక్క ప్రతి తిరుగులోనూ, ఆకర్షణ ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే రావలసిన దినానికి సుమారు నాలుగు రోజులు ఆలస్యంగా వస్తుంది. 76 యేళ్ళ ప్రయాణంలో నాలుగు రోజులు! మన ఊళ్ళకు పోయే పండుగ బస్సులు ఈ పాటి నియమం పాటిస్తే సంతోషించేవాళ్ళం.

ఇక మన వాళ్ళ సంగతికి వద్దాము. ఆకాశాన్ని దుర్భిణితో చూసే విద్య తెలుగు దేశానికి కొత్త కాదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావుగారు 1840 ప్రాంతంలోనే సొంత ఖర్చుతో వేధశాల నెలకొల్పారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని నడిపించారు. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో 15 అంగుళాల దుర్భిణి తెప్పించి వేధశాలకు పునాది వేశారు. అదే తర్వాత నిజామియా వేధశాల అయి, బేగంపేటకు చేరి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కలిసింది.

ఆ నిజామియా వేధశాలలో పనిచేయడానికి మలబారు నుండి ఒక కుటుంబం హైదరాబాదుకు వచ్చింది. మనం తెలుగు దేశం నుండి కన్నడ దేశానికి వచ్చినట్లే వారు మలయాళ దేశం నుండి తెలుగు దేశానికి వచ్చారు. ఆ ఇంటి కుమారుడే మనాలి కల్లాట్ వేణు బాప్పు. 1927లో మద్రాసులో పుట్టి, హైదరాబాదులో పెరిగి, నిజాం కళాశాలలో చదివాడు. తండ్రి పనిచేసే వేధశాలే ఆయనకు ఆటస్థలం. వెలుగు హెచ్చుతగ్గులయ్యే నక్షత్రాలను విద్యార్థిగా ఉండగానే పరిశీలించి వ్యాసాలు ప్రకటించాడు. హైదరాబాదు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థివేతనంతో 1949లో అమెరికాలోని హార్వర్డుకు వెళ్ళాడు.

వెళ్ళిన కొద్ది నెలలకే, 1949 జూలై 2న, తాను తీసిన ఆకాశపు ఛాయాచిత్రఫలకంలో చుక్కల నడుమ ఒక మసక గీత ఆయనకు కనిపించింది. నక్షత్రాలు చుక్కలుగా నిలిచి ఉండగా అది మాత్రం కదిలిన గుర్తు. ఆచార్యుడు బార్ట్ బాక్, సహాధ్యాయి గోర్డన్ న్యూకిర్క్ దానిని సరిచూశారు. అది ఎవరూ అంతకుముందు చూడని తోకచుక్క. ముగ్గురి పేర్లూ కలిపి దానికి బాప్పు-బాక్-న్యూకిర్క్ అని పేరు వచ్చింది. దాని దారిని లెక్కగట్టితే, సూర్యుని ఒకసారి చుట్టిరావడానికి దాదాపు 60,000 సంవత్సరాలు పడుతుందని తేలింది. ఆ ఏడాదికి పసిఫిక్ ఖగోళసంఘంవారు ఇచ్చే డానహో పతకం ఆయనకు లభించింది. హైదరాబాదు మేడమీద చుక్కల వెలుగును ఓపికగా పోల్చి చూసుకొన్న కన్నుకు, ఒక మసక గీత కనపడగానే అది వింత అని తెలిసిపోయింది. అభ్యాసం ఊరికే పోదు.

ఆయన తిరిగి వచ్చి, 1960లో కోడైకెనాల్ వేధశాలకు డైరెక్టరు అయ్యారు. 1971లో అది భారత ఖగోళభౌతిక సంస్థగా రూపొందింది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం నేడు మన కోరమంగలలోనే ఉన్నది. మనలో ఎందరో రోజూ ఆ ప్రాంతానికి పోయి వస్తూ ఉంటారు. తమిళనాడులోని జవ్వాది కొండలలో కావలూరు దగ్గర ఆయన కట్టదలచిన పెద్ద దుర్భిణి పూర్తికాక ముందే, 1982లో, మ్యూనిక్‌లో మరణించారు. 2.34 మీటర్ల ఆ దుర్భిణిని 1986 జనవరి 6న ప్రారంభించి ఆయన పేరే పెట్టారు. మరుసటి నెలలోనే హేలీ తోకచుక్క సూర్యుని సమీపానికి వచ్చింది.

ఇంతవరకు దారి సంగతి. ఇక వెలుగు సంగతి చిక్కైనది.

నక్షత్రాల వెలుగును తరగతులుగా చెప్పడం ప్రాచీన గ్రీకుల నాటి అలవాటు. బాగా వెలిగేవి మొదటి తరగతి, కంటికి ఆనీ ఆననివి ఆరవ తరగతి. అంకె పెరిగినకొద్దీ వెలుగు తగ్గుతుంది. ఒకటవ తరగతి చుక్క ఆరవ తరగతి చుక్కకు సరిగ్గా నూరు రెట్లు వెలుగని తర్వాతి వారు ఖాయం చేశారు.

ఒక ఉత్త రాతిముద్ద సూర్యునికి ఉన్న దూరంలో సగానికి వస్తే, దాని మీద పడే ఎండ నాలుగు రెట్లవుతుంది. కనుక అది నాలుగు రెట్లు వెలుగుతుంది. తోకచుక్క అలా కాదు. ఎండ నాలుగు రెట్లయితే సాంబ్రాణి పొగ కూడా పెరుగుతుంది. ఎండా పెరిగి, ఎండను ప్రతిఫలించే ధూళీ పెరగడం చేత మొత్తం వెలుగు సుమారు పదహారు రెట్లు కావచ్చును. ఇది సామాన్యంగా వాడే లెక్క. దీనికి, మనకు అది ఎంత దగ్గరగా ఉన్నదన్న లెక్క కలిపి, ఫలానా రోజున ఫలానా తరగతిలో వెలుగుతుందని చెబుతారు. అయితే ఏ ముద్దలో ఎంత మంచు ఉన్నదో, అది ఎంత లోతున ఉన్నదో, పైన ఎంత మందపు పెంకు కట్టిందో బయటినుంచి చూసి ఎవరు చెప్పగలరు? పనసకాయను తట్టి చూసి తొనలెన్నో చెప్పినట్లే.

1973 మార్చిలో కోహూటెక్ అనే శాస్త్రజ్ఞుడు ఒక తోకచుక్కను కనిపెట్టాడు. అంత దూరాన అంత వెలుగుతున్నదంటే, డిసెంబరులో సూర్యుని చేరేసరికి ఈ శతాబ్దపు తోకచుక్క అవుతుందని లోకమంతా పత్రికలు వ్రాశాయి. తీరా చూస్తే సాయంకాలపు ఆకాశంలో సామాన్యంగానే కనిపించి పోయింది. మొదటిసారి సూర్యుని వైపు వచ్చే తోకచుక్క మీద తొందరగా ఆవిరయ్యే పదార్థం పైపూతగా ఉంటుంది. దూరాన ఉండగానే అది ఆవిరై మనల్ని ఆశపెడుతుంది. ఆ పైన తాటాకు మంటే. 2012లో కనిపెట్టిన ఐసాన్ అనేది 2013 నవంబరు 28న సూర్యుని చుట్టి వస్తూ చెదిరిపోయింది. దానికి భిన్నంగా, ఎవరూ లెక్కచేయని హోమ్స్ అనే తోకచుక్క 2007 అక్టోబరులో రెండు రోజుల లోపల సుమారు అయిదు లక్షల రెట్లు వెలిగి, మామూలు కంటికి కనిపించింది. అప్పటికి అది సూర్యుని నుండి దూరంగా వెళ్ళిపోతున్నది కూడా.

మనం చూసినదే ఒకటి చెప్పుకుందాము. 2023లో చైనాలోని పర్పుల్ మౌంటెన్ వేధశాలవారు, దక్షిణాఫ్రికాలోని అట్లాస్ దుర్భిణి కనిపెట్టిన తోకచుక్కకు సూచిన్‌షాన్-అట్లాస్ అని పేరు. 2024 జూలైలో ఒక పేరుపొందిన శాస్త్రజ్ఞుడు, ఇది సూర్యుని చేరకముందే చెదిరిపోక తప్పదని వ్రాశాడు. దాని దారిలో మాత్రం ఎవరికీ సందేహం లేదు. 2024 సెప్టెంబరు 27న సూర్యునికి సుమారు 5 కోట్ల 86 లక్షల కిలోమీటర్ల దూరానికి రావాలి, అలాగే వచ్చింది. చెదరలేదు. ఆ రోజులలో తెల్లవారుజామున బెంగుళూరులో తూర్పున పొడుగు తోకతో కనిపించింది. మబ్బు విడిచిన రోజున మనలో కొందరు మేడలెక్కి చూశారు. అక్టోబరు 12న భూమికి దగ్గరగా, సుమారు 7 కోట్ల కిలోమీటర్ల దూరంలోకి వచ్చి, ఆ తర్వాత సాయంకాలాలలో పడమట కనిపించింది. మనకూ సూర్యునికీ నడుమగా వచ్చిన రోజులలో దాని వెలుగు ఎన్నో రెట్లు పెరిగింది. పొద్దుటి ఎండ కిటికీలోనుంచి పడేటప్పుడు, వెలుగుకు ఎదురుగా నిలబడి చూస్తే గదిలోని దుమ్ము మెరుస్తుంది కదా. అదే కారణం.

కనుక దారి చెప్పడానికి లెక్క చాలును, వెలుగు చెప్పడానికి కన్ను కావాలి. ప్రతి రాత్రీ చూసి వ్రాసేవారు ఉంటేనే ఒక తోకచుక్క వెలుగు చరిత్ర మిగులుతుంది. ఈ పనిలో నేటికీ ఔత్సాహికుల అంచనాలను శాస్త్రజ్ఞులు తీసుకొని వాడుతున్నారు. ఖరీదైన పరికరం అక్కరలేదు. మామూలు కన్నో, రెండు కళ్ళతో చూసే చిన్న దుర్భిణో చాలును.

విధానం చెబుతాము, పిల్లలు గుర్తు పెట్టుకోండి. మసకగా పరచుకొన్న తోకచుక్కను, చుక్కలా మెరిసే నక్షత్రంతో నేరుగా పోల్చలేము. అందుకని తోకచుక్క రూపాన్ని మనసులో నిలుపుకొని, దుర్భిణి మరను కొంచెం తిప్పి నక్షత్రాన్ని అంతే వెడల్పుకు మసకబార్చి పోల్చాలి. ఇప్పుడు సప్తర్షులను తీసుకోండి. పులస్త్యుని వెలుగు 2.4 తరగతి. అందరిలో మసకగా ఉండే అత్రి 3.3. తోకచుక్క పులస్త్యుని కంటే తక్కువగా, అత్రి కంటే ఎక్కువగా ఉన్నదనుకోండి. వారిద్దరి తేడా 0.9. ఆ తేడాలో మూడవవంతు మేరకు పులస్త్యుని కంటే తగ్గి ఉంటే 0.3 కలపాలి. అంటే తోకచుక్క 2.7 తరగతి. పోల్చే నక్షత్రం తోకచుక్క ఎత్తునే ఉండేటట్లు చూసుకోవాలి. దిగంతం దగ్గర గాలి పొరలు మందమై వెలుగును మింగుతాయి. పెళ్ళిలో వసిష్ఠుని పక్కనున్న అరుంధతిని చూపించే ఆచారం మనది. ఆమె వెలుగు 4.0. మన పెద్దలు కొత్త దంపతులకు పెట్టిన కంటిపరీక్షే ఈ విద్యకు మొదటి పాఠం అనుకోండి.

స్థానానికి చేయి చాలును. చేయి చాచి పిడికిలి బిగిస్తే అడ్డంగా సుమారు 10 డిగ్రీలు, చిటికెనవేలు వెడల్పు సుమారు 1 డిగ్రీ. ఏ నక్షత్రానికి ఎన్ని వేళ్ళ దూరంలో ఉన్నదో చూసి నక్షత్రపటంలో చుక్క పెట్టి, పక్కన తేదీ, వేళ వ్రాయాలి. అయిదారు రాత్రులు గడిస్తే చుక్కలు కలిసి ఒక గీత అవుతుంది. ఆ గీత మీ చేతితో మీరు పట్టిన దారి. ఒక్క హెచ్చరిక. సూర్యోదయానికి తర్వాత, సూర్యాస్తమయానికి ముందు దుర్భిణిని ఆ వైపు తిప్పరాదు. కన్ను పోతుంది. ఇంకొక మాట. మబ్బు పట్టి కనిపించకపోతే ‘కనిపించలేదు’ అని వ్రాయండి. అది కూడా లెక్కే. చూడనిది చూసినట్లు వ్రాస్తే పుస్తకమంతా పనికిరాదు.

మన ఊరిలో ఈ విద్యకు కావలసిన సాయం ఉన్నది. 1989లో తెరచిన జవహర్‌లాల్ నెహ్రూ నక్షత్రశాల ఉన్నది. ఊరికి ముప్పై అయిదు కిలోమీటర్ల దూరాన హోసకోటలో కూర్చుని, లడఖ్‌లోని హన్లేలో నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున ఉన్న రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర దుర్భిణిని ఉపగ్రహం ద్వారా నడుపుతారు. 2019 ఆగస్టు 30న క్రిమియాలో బోరిసోవ్ కనిపెట్టిన తోకచుక్క మన సూర్యకుటుంబానిది కాదు, వేరే నక్షత్రం దగ్గరినుంచి వచ్చిన పరదేశి. దానిని మన శాస్త్రజ్ఞులు ఆ హన్లే దుర్భిణితోను, ఆబూ పర్వతం మీది దుర్భిణితోను పరిశీలించారు. లోకాంతరం నుండి వచ్చినదైనా, దాని దారి కూడా అవే ఆరు అంకెలకు లోబడింది.

అయితే సాయం ఎంత ఉన్నా, చూడటానికి ఆకాశం ఉండాలి. మారతహళ్ళి నుండి వైట్‌ఫీల్డు దాకా మనవారు ఉండే పేటలలో రాత్రి దీపాల వెలుగుకు మూడు, నాలుగు తరగతులు దాటిన చుక్క కనిపించడం కష్టం. అరుంధతి కనిపించని ఊళ్ళో పురోహితుడు వేలు చూపితే దంపతులు తల ఊపవలసి వస్తున్నది. మన పిల్లలలో పాలపుంతను కంటితో చూసినవారు ఎందరో తల్లిదండ్రులు ఒకసారి అడిగి చూడండి. మనం భాష పోతుందని భయపడి ఆదివారం తెలుగు బడి నడుపుకొంటున్నాము. ఆకాశం కూడా అలాగే పోతున్నది. పోయినట్లు తెలియకుండానే పోతున్నది.

అందుకు మేము కోరేవి రెండే. మేడమీద, ఆవరణలో వేసే దీపాలకు పైకప్పు వేయించి వెలుగు నేలమీద పడేటట్లు చేయండి. పనిలేని దీపం ఆర్పండి. రెండవది, సెలవులకు ఊరికి పోయినప్పుడు పిల్లలను ఒక్క రాత్రయినా చీకటి ఉన్న చోటికి తీసుకువెళ్ళి, సప్తర్షులను, అరుంధతిని చూపించి, ఒక నోటుపుస్తకం చేతికివ్వండి. తోకచుక్క ఎప్పుడు వస్తుందో చెప్పలేము గనుక, వచ్చేనాటికి కన్ను సిద్ధంగా ఉండాలి. వచ్చిన తర్వాత నేర్చుకొంటామంటే, ఆ వెలుగు మన కోసం ఆగదు.

హేలీ తోకచుక్క 2023 డిసెంబరు 9న సూర్యునికి అత్యంత దూరమైన చోటికి, నెప్ట్యూను కక్ష్యకు అవతలికి చేరి, ఇంటిముఖం పట్టింది. 2061 జూలై 28న సూర్యుని సమీపానికి వస్తుంది. ఈ తేదీని గణితం హామీ ఇస్తున్నది. ఆనాడు ఎంత వెలుగుతుందో మాత్రం అంచనాయే గాని హామీ కాదు. ఈ చాపల మీద కూర్చున్న పిల్లలు అప్పటికి నడివయసులో ఉంటారు. వారు ఈ బెంగుళూరులోనే ఉంటారో, మరే దేశంలో ఉంటారో మనకు తెలియదు. ఎక్కడ ఉన్నా, ఆనాడు మేడమీద నిలబడి, పులస్త్యుణ్ణీ అత్రినీ పోల్చి చూసి, ఒక అంకె వ్రాసి పెడితే ఈ ప్రసంగం వృథా కాలేదని అనుకుంటాము.

పులిహోర సిద్ధమైనట్లు వంటవారి కబురు వచ్చింది. మీకందరికీ, ఈ పండుగను మనతో కలిసి జరుపుకొంటున్న కన్నడ సోదరులకూ, నూతన సంవత్సర శుభాకాంక్షలు. ఇక సెలవు.